మా ఇంటి ల్యాండ్‌లైన్: ఫోనుకి మంచి మార్కులే, రిపేరుకి ఒక్కటి

తెనాలిలో మా ఇంటికి ల్యాండ్‌లైన్ వచ్చింది 1990లలో. దరఖాస్తు పెట్టి, డిపాజిట్ కట్టి, ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ కనెక్షన్ రాని రోజుల్లో నాన్న సంపాదించిన నంబరు అది. ఇన్నేళ్లు వాడాక చెబుతున్నాను, మాట స్పష్టంగా వినిపించడంలో దాన్ని కొట్టే సెల్‌ఫోన్ నాకింకా తగల్లేదు. కరెంటు పోయినా పనిచేసేది. ఎక్స్ఛేంజీలో ఉండే బ్యాటరీల నుంచి 48 వోల్టులు ఆ రాగి తీగ మీదే వస్తాయి కాబట్టి ఇంట్లో ప్లగ్గుతో పని లేదు. అమ్మకి వినికిడి కాస్త తక్కువ. సెల్లులో "ఆఁ? ఏంటీ?" అనే మనిషి, ల్యాండ్‌లైన్ రిసీవర్ చెవికి ఆనించుకుంటే గంటసేపు కబుర్లు చెబుతుంది. అందుకే వదల్లేదు. కంపెనీ పేరు రాయను. రాయకపోయినా ఎవరికి వాళ్ల కంపెనీయే గుర్తొస్తుంది లెండి.

చెడిపోతే మాత్రం దేవుడే దిక్కు.

మా లైనుకి తొలకరి పడగానే జబ్బు చేసేది. ముందు గరగర, తర్వాత ఎవరివో మాటలు సన్నగా, ఆ తర్వాత డయల్ టోనే ఉండదు. రోగం ఎక్కడుందో నాకు తెలిసిపోయింది. వీధి మలుపులో స్తంభానికి డీపీ బాక్సు, అంటే ఇళ్లకి తీగలు పంచే పెట్టె, ఉంది. దాని మూత ఎప్పుడో ఊడితే కేబుల్ టీవీ వైరు ముక్కతో కట్టారు. అక్కణ్ణుంచి మా ఇంటికి వచ్చే తీగకి మధ్యలో ఒక అతుకు. రాగి పోగులు మెలేసి, నల్ల టేపు చుట్టి వదిలేశారు. ఎండకి టేపు జిగురు కరిగిపోతుంది, వానకి నీళ్లు లోపలికి దిగుతాయి. ఒకసారి లైన్‌మన్ విప్పుతుంటే దగ్గరుండి చూశాను. రాగి ఆకుపచ్చగా చిలుము పట్టి, వేళ్ల మధ్య నలిపితే పొడిలా రాలింది. అతను దాన్ని గీకి, మళ్లీ మెలేసి, మళ్లీ టేపే చుట్టాడు.

"తీగ మొత్తం మార్చెయ్యొచ్చుగా?" అన్నాను.

"డ్రాప్ వైరు స్టాకు లేదండీ, ఇండెంట్ పెట్టాం" అన్నాడు. తర్వాతి వానాకాలానికీ అదే మాట. అతని తప్పు ఏమీ లేదు. ఒకప్పుడు వీధికో మనిషి తెలిసుండేవాడు, ఇప్పుడు కాంట్రాక్టు మీద పనిచేసే ఒక్క కుర్రాడు సగం ఊరు తిరుగుతున్నాడు.

అతుకు పోతే ఇంకా నయం. మున్సిపాలిటీ వాళ్లు డ్రైనేజీకి జేసీబీ దింపారంటే భూమిలో కేబులే తెగుతుంది. అప్పుడు "ఖాళీ పెయిర్ లేదండీ" (కేబుల్లో మిగిలిన తీగల జత లేదని) అని కొత్త కారణం.

ఫిర్యాదు చేయడం కష్టమేమీ కాదు. టోల్‌ఫ్రీకి చేసి, ఒకటి నొక్కి, రెండు నొక్కితే డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, మెసేజ్ వస్తుంది. ఒళ్లు మండేది ఆ తర్వాతే. మర్నాటి సాయంత్రానికల్లా "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని ఇంకో మెసేజ్. రిసీవర్ ఎత్తితే చప్పుడే ఉండదు. మళ్లీ చేస్తే కాల్‌సెంటర్ అమ్మాయి, "మీ నంబరుకి చేసి చూశాం సార్, రింగవుతోంది, ఎవరూ ఎత్తలేదు" అంది.

ఆ అమ్మాయి అబద్ధమాడలేదు. తీగ తెగిన లైనుకి చేసినా అవతలివాళ్లకి రింగ్ వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చేది ఎక్స్ఛేంజీ నుంచి, మన ఇంట్లో గంట మోగిందా లేదా దానికి తెలియదు. హైదరాబాద్‌లో ఉన్న మా అక్కకీ అలాగే వినిపించింది. ఆ రోజు నేను ఊళ్లో లేను, అమ్మ సెల్లుకి ఎప్పట్లాగే ఛార్జింగ్ లేదు. పొద్దున్నుంచీ రింగవుతూనే ఉంటే అక్క టెన్షన్‌తో ఎదురింటివాళ్లకి చేసింది. వాళ్లు పరుగున వచ్చి చూస్తే అమ్మ వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే, మీ నంబరు పోయిన రోజే చుట్టాలందరికీ చెప్పేయండి.

ఇంత తొందరగా ఫిర్యాదు మూసేయడం ఎందుకంటే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో తెచ్చి, 2024 దాకా అమలులో ఉన్న సేవా నాణ్యత నిబంధనల్లో ఫోను అద్దె తగ్గింపు గురించి రాసి ఉండేది. ఏడు రోజులు దాటి పదిహేను లోపల బాగుచేస్తే పదిహేను రోజుల అద్దె, పదిహేనూ దాటితే నెల అద్దె బిల్లులో తగ్గించాల్సి ఉండేది. రోజుల లెక్క డాకెట్‌తో మొదలయ్యేది. దాన్ని మూసేసి కొత్తది తెరిస్తే లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి. ఫోను నెలంతా మూగగా ఉన్నా, కాగితం మీద ఒక్కటీ వారం దాటేది కాదు. కావాలని చేస్తారో అలవాటుగా చేస్తారో గానీ, లాభం మాత్రం వాళ్లదే.

ఆఫీసుకి కాళ్లరిగేలా తిరిగినా ఒరిగిందేమీ లేదు. అక్కడి పెద్దమనిషి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "సిస్టంలో క్లియర్ అని చూపిస్తోందండీ" అనేవాడు. పనిచేసింది అప్పీలు. ప్రతి కంపెనీకీ అప్పిలేట్ అథారిటీ, అంటే అప్పీళ్లు వినే అధికారి, ఉండాలని ట్రాయ్ 2012 నిబంధనలు చెబుతున్నాయి. ఖర్చు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. మూసేసిన డాకెట్ నంబర్లన్నీ తేదీలతో వరసగా రాసి, మెసేజ్‌ల ఫొటోలు జతచేసి పంపాను. ఇంజనీరు గారు స్వయంగా ఫోన్ చేశారు, సెల్లుకే లెండి. స్టాకు లేని డ్రాప్ వైరు ఎక్కణ్ణుంచో ఊడిపడింది. తర్వాతి బిల్లులో అద్దె కూడా తగ్గింది. అక్కడా తేలకపోతే వినియోగదారుల కోర్టుకి వెళ్లొచ్చు. టెలిగ్రాఫ్ చట్టం అడ్డొస్తుందని 2009లో సుప్రీంకోర్టు ఆ దారి మూసినా, 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు తెరిచింది.

ఫిర్యాదుకి ముందు ఒక పని చేయండి. ఒక మామూలు వైరు ఫోను దాచుకుని, బయటి తీగ ఇంట్లోకి వచ్చే రోజెట్ (గోడ మీది చిన్న డబ్బా) దగ్గరే తగిలించి చూడండి. అక్కడా టోన్ లేకపోతే "లోపల మీ వైరింగే పోయిందండీ" అనే మాటకి తావుండదు.

చివరికి రాగి తీగ ఇక వద్దు, ఫైబర్‌కి మారండి అని కంపెనీయే వెంటపడింది, మారాం. నంబరు పాతదే, ఫోను మోడెమ్ వెనక తగిలిస్తారు. మాట బాగుంది, వానకి గరగర లేదు. గడ్డి ట్రాక్టరు తగిలి కేబుల్ తెగినప్పుడు మోడెమ్ మీద ఎర్ర లైటు వెలిగింది. లోకల్ ఆపరేటర్ కుర్రాడికి ఫోన్ చేస్తే మెషీన్ తెచ్చి ఆ పూటే అతికించి వెళ్లాడు. ఇందులో రిపేరుకి నాలుగు మార్కులు ఇస్తాను.

కానీ కరెంటు పోతే ఫోనూ పోతుంది. గాజు పోగులో కరెంటు రాదు కదా. ఈ సంగతి మారేముందు ఎవరూ చెప్పరు. మోడెమ్‌కి పెట్టే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, పెద్దవాళ్ల కోసమైతే తప్పకుండా కొనండి. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి మరీ తీసుకోండి. మాది 12 వోల్టులది. షాపతను ముందు 9 వోల్టులది అంటగట్టబోతే మార్పించి తెచ్చాను.