పెల్లెట్ల కోసం కొన్న క్రోనోగ్రాఫ్ రైఫిల్ రోగాన్ని పట్టిచ్చింది

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేసే మా అమ్మాయి కోసం కొన్న, రైఫిల్ నుంచి వెలువడే పెల్లెట్ (చిన్న సీసపు గుండు) వేగాన్ని కొలిచే ఈ క్రోనోగ్రాఫ్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. దాని మీద నాకున్న అభిమానం దాదాపు పూర్తిగా ఒకే ఒక్క సంఘటన వల్ల కలిగినది. ఆ సంఘటనకూ, దాన్ని కొన్న ఉద్దేశానికీ ఏమాత్రం సంబంధం లేదు. ఎన్ని బ్యాటరీలు పడతాయి, ఎంత వేగం వరకు కొలుస్తుంది వంటి వివరాలు డబ్బా మీదనే ఉంటాయి గనుక వాటి జోలికి పోను. లోపాలు కూడా చెప్పబోతున్నాను కాబట్టి తయారీదారు పేరు రాయడం లేదు. రెండు కాంతి సెన్సార్లు, వాటి మీద తెల్లటి ప్లాస్టిక్ రేకులు ఉండే మామూలు రకం అని చెబితే తెలిసినవారికి సరిపోతుంది.

మా అమ్మాయి సాధన చేసేది వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ దగ్గర మా బంధువుల పాత పత్తి గోదాములో. కొంతకాలం పాటు ఆమె స్కోరులో ఒక విచిత్రమైన క్రమం కనబడింది. వరుసగా కాలుస్తున్నంతసేపు ఒక్కో గుండుకు స్కోరు 10.3కు అటూఇటూగా వచ్చేది. మధ్యలో నీళ్లు తాగడానికో, జాకెట్ బొత్తాలు విప్పి కాసేపు కూర్చోవడానికో ఆగితే, తిరిగి లేచి కాల్చిన మొదటి గుండు సూటిగా పైకి, గడియారంలో పన్నెండు ఉండే దిక్కుకు పోయేది. రెండో గుండు కొంత దిగేది, మూడో గుండుతో అంతా సర్దుకునేది. కోచ్ దీనికి కారణం ఏకాగ్రతేనని తేల్చారు. "ఏందమ్మా, జర కూసున్నవంటే చాలు, మనసు కుర్చీలనే ఉండిపోతదా?" అని ఆయన అన్నప్పుడల్లా ఆమె తల దించుకునేది. చెంపను బట్ (రైఫిల్ వెనుక భాగం) మీద ఆనించడంలో తేడా వస్తోందని, శ్వాస పూర్తిగా వదలడం లేదని ఒక్కోరోజు ఒక్కో కారణం వినేవాళ్లం. ఏ కారణాన్ని సరిచేసినా మొదటి గుండు పైకి పోవడం మాత్రం ఆగలేదు.

ఆ రోజుల్లోనే ఏ పెల్లెట్ మా బ్యారెల్‌కు నప్పుతుందో తేల్చుకోవాలని క్రోనోగ్రాఫ్ తెప్పించాను. ఒక రాత్రి రైఫిల్‌ను వైస్‌లో (కదలకుండా పట్టి ఉంచే దవడల బిగింపులో) బిగించి, ఒక రకం పెల్లెట్ల వేగం రాసుకుని, భోజనానికి ఇంటికి వెళ్లి వచ్చి, అదే డబ్బాలోని పెల్లెట్‌తో మళ్లీ మొదలుపెట్టాను. అంతకుముందు వరుసగా సెకనుకు 171 మీటర్లు, 170, 171 అని చూపిన తెర మీద 178 కనబడింది. ఇలాంటి యంత్రాలు అప్పుడప్పుడు పిచ్చి అంకెలు చూపడం మామూలే కాబట్టి దాన్ని కొట్టివేశాను. తరువాతి గుండు 173, ఆపైన మళ్లీ 171. పిచ్చి అంకె అయితే ఒకేసారి వచ్చి పోతుంది గాని, ఇలా మెట్లు దిగినట్టు దిగదు. అనుమానం వచ్చి, కావాలనే రైఫిల్‌ను నిమిషం, ఐదు నిమిషాలు, అరగంట చొప్పున ఊరికే ఉంచి, ప్రతిసారీ మొదటి గుండు వేగాన్ని రాసుకుంటూ పోయాను. నిమిషం విరామానికి తేడా తెలియలేదు. ఐదు నిమిషాలకు 174 దాకా వచ్చింది. అరగంట దాటితే 178 ఖాయం. వైస్‌లో ఉన్న రైఫిల్‌కు చెంప లేదు, శ్వాస లేదు, కుర్చీలో ఉండిపోయే మనసు అంతకన్నా లేదు.

జరుగుతున్నది ఇది. సిలిండర్‌లో 200 బార్ పీడనం వరకు నింపే గాలిని రెగ్యులేటర్ అంతకంటే చాలా తక్కువైన ఒక స్థిరమైన పీడనానికి దించి, వాల్వ్ ముందున్న చిన్న గదిలోకి వదులుతుంది. ఆ పీడనం రాగానే రెగ్యులేటర్ మూసుకుపోవాలి. గాలి దారిని మూసే లోపలి సీటు అరిగినా, దాని మీద సన్నటి నలుసు కూర్చున్నా పూర్తిగా మూసుకోదు. గాలి కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. గబగబా కాలుస్తున్నప్పుడు అలా కారడానికి వ్యవధి ఉండదు గనుక లోపం బయటపడదు. రైఫిల్‌ను పక్కన పెట్టిన కొద్దీ గదిలో పీడనం పెరుగుతుంది, తరువాతి పెల్లెట్ ఎక్కువ వేగంతో పోతుంది. కొన్ని రైఫిళ్లలో పీడనం మరీ పెరిగితే ట్రిగ్గర్ నొక్కినప్పుడు వాల్వ్‌ను కొట్టే సుత్తి దెబ్బకు అది సరిగా తెరుచుకోక వేగం తగ్గడం కూడా ఉంటుంది. మాది ఆ దశకు చేరలేదు.

ఆ ఏడు మీటర్ల తేడాకు స్కోరులో ఎంత విలువ ఉందో లెక్కవేస్తే, విషయం చిన్నదేమీ కాదని తెలుస్తుంది. 171 మీటర్ల వేగంతో బయలుదేరిన పెల్లెట్ పది మీటర్లు చేరడానికి దాదాపు 0.06 సెకను పడుతుంది. ఆ వ్యవధిలో అది సుమారు 18 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, గురి చూసే సైట్లు ఆ దిగుడుకు తగ్గట్టుగానే సరిచేసి ఉంటాయి. వేగం నాలుగు శాతం పెరిగితే దిగుడు దాదాపు ఎనిమిది శాతం తగ్గుతుంది, అంటే గుండు 1.4 మిల్లీమీటర్లు పైన పడుతుంది. దశాంశ స్కోరింగ్‌లో ప్రతి 0.1కి పావు మిల్లీమీటరు మాత్రమే ఉంటుంది. ఎలాగూ మధ్యకు కొంచెం పైన పడి 10.4 రావలసిన గుండు ఈ లెక్కన 9.9కు దిగిపోతుంది. అరవై గుండ్లలో ఆమె ఎన్నిసార్లు ఆగి లేస్తుందో, అన్నిసార్లు ఈ నష్టం. పదో వలయపు చుక్క అర మిల్లీమీటరు మాత్రమే ఉండే ఆటలో ఇది ఏ రకమైన ఏకాగ్రతతోనూ పూడ్చుకోదగినది కాదు.

కాగితం మీద అంకెలు రాసి కోచ్‌కు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, స్వయంగా రైఫిల్‌ను వైస్‌లో పెట్టించి, విరామం ఇచ్చి కాల్చి చూసుకున్నాకే ఒప్పుకున్నారు. అలా చూసుకోవడమే న్యాయం. రైఫిల్‌ను హైదరాబాద్ పంపించి రెగ్యులేటర్ విప్పించి, సీటునూ, గాలి కారకుండా ఆపే ఓ రింగులనూ మార్పించాక, రాత్రంతా ఊరికే ఉంచి పొద్దున కాల్చినా మొదటి గుండు 172కు మించలేదు. "బాపూ, గిన్ని దినాలు నేను పడ్డ తిట్లు గా సారుతోని వాపసు ఇప్పియ్యి" అని మా అమ్మాయి అడిగింది గాని, అది క్రోనోగ్రాఫ్ చేయగల పని కాదు.

ఈ ఉత్సాహంలో నేను తోటి తల్లిదండ్రులకు దీన్ని గట్టిగానే సిఫారసు చేశాను. పెల్లెట్ల ఎంపికకు కూడా ఇదే దారి అని అప్పట్లో చెప్పేవాణ్ణి. ఆ మాటకు ఇప్పుడు కొన్ని షరతులు చేర్చవలసి ఉంది. 4.49, 4.50 అని పెల్లెట్ తల కొలత (మిల్లీమీటర్లలో) ముద్రించిన డబ్బాలు, ఒకే కంపెనీవే అయినా వేర్వేరు లాట్లవి (తయారీ విడతలవి), కొన్ని తెప్పించుకుని ప్రతిదాని వేగాన్నీ, కాగితం మీద పడిన గ్రూప్‌నూ (గుండ్లు ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయో) పక్కపక్కన రాసుకున్నాను. వేగంలో అన్నిటికంటే నిలకడగా ఉన్న డబ్బా గ్రూప్‌లో మొదటి స్థానంలో లేదు. బిగుతైన గ్రూప్ ఇచ్చిన లాట్ వేగం విషయంలో మధ్యస్థంగా ఉంది. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. సెకనుకు ఒక మీటరు తేడా పది మీటర్లలో తెచ్చే మార్పు 0.2 మిల్లీమీటరు. బ్యారెల్‌కూ పెల్లెట్‌కూ మధ్య పొందిక వల్ల గుండ్లు ఒక మిల్లీమీటరు చెదురుతున్నాయనుకుంటే, ఈ రెండు చెదరగొట్టే కారణాలు నేరుగా కాక వాటి వర్గాలుగా (1×1, 0.2×0.2) కలిసి, ఆ మొత్తానికి వర్గమూలం తీయవలసి ఉంటుంది గనుక మొత్తం 1.02 అవుతుంది. ఆ రెండు శాతాన్ని కాగితం మీద ఎవరూ కనిపెట్టలేరు.

వేగంలో నిలకడే సర్వస్వం అనే మాట మనకు విదేశాల్లో తూటాలను తామే నింపుకొనే దూరపు షూటర్ల నుంచి వచ్చింది. వాళ్లకు అది నిజమే. 600 మీటర్ల దూరంలో తూటా నాలుగు మీటర్లకు పైగా దిగుతుంది. అక్కడ ఒక శాతం వేగం మారితే దెబ్బ దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు జరుగుతుంది. అందుకే వాళ్లు తుపాకి మందును గింజ గింజా తూచి, తూటా కూర్చునే లోతును సూక్ష్మంగా మారుస్తూ పోతారు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం కుదరదు. కాబట్టి ఆ శ్రద్ధనంతా పెల్లెట్ల మీద చూపించడం మనకు సహజం. బంగారం తూచే ఎలక్ట్రానిక్ త్రాసు మీద 0.53 గ్రాముల పెల్లెట్లను ఒక్కొక్కటే తూచి వేరుచేసేవారిని నేనెరుగుదును. బరువులో ఒక శాతం తేడా వేగంలో అర శాతమే తెస్తుంది. పది మీటర్లకు ఆ శ్రమ దండగ అని నా అభిప్రాయం. పాడైన అంచు ఉన్న పెల్లెట్‌ను కంటితో ఏరిపారేయడం అంతకంటే ఉపయోగకరం.

తెర మీద కనబడే ప్రామాణిక విచలనాన్ని (వేగాలు సగటు నుంచి ఎంత చెదురుతున్నాయో చెప్పే అంకెను) కూడా జాగ్రత్తగా చూడాలి. ఐదు గుండ్లు కాల్చగానే ఈ యంత్రం దాన్ని రెండు దశాంశాల దాకా చూపిస్తుంది. ఐదు గుండ్ల మీద 1.00 అని వస్తే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది అసలు విలువ 0.6కూ 2.9కీ మధ్య ఉందని మాత్రమే. అంత వెడల్పైన సందులో నాలుగు రకాల పెల్లెట్లు హాయిగా ఇమిడిపోతాయి. డబ్బాకు ఐదు గుండ్లు కాల్చి, అంకె తక్కువ వచ్చిన దానికి పట్టం కట్టడం కంటే చీట్లు వేసి ఎంచుకోవడం నయం. కనీసం పెల్లెట్లు మిగులుతాయి.

ఇక ఈ యంత్రంతో నాకున్న అసలు తగవు వెలుతురు గురించి. పెల్లెట్ నీడ మొదటి సెన్సార్ మీద పడగానే గడియారం మొదలై, రెండో సెన్సార్ మీద పడగానే ఆగుతుంది. ఆ వ్యవధి రెండు మిల్లీసెకన్లు కూడా ఉండదు. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు వంద సార్లు మినుకుతాయి. కంటికి తెలియని ఆ మినుకు సెన్సార్‌కు తెలుస్తుంది. గోదాములో ట్యూబ్‌లైట్ల కింద 171, 169, 243 అని వరస తప్పిన అంకెలు, లేదంటే వట్టి గీతలు వచ్చేవి. కారు బల్బును 12 వోల్టుల బ్యాటరీ మీద వెలిగించి రేకుల పైన కట్టాక ఈ బాధ తీరింది. ఈ సంగతి యంత్రంతో వచ్చిన కాగితంలో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది. ఇంటిలోపల సాధన చేసేవారే ఎక్కువగా కొనే వస్తువుకు దీన్ని మొదటి పేజీలో పెద్దగా వేయవలసింది. అదీగాక పత్తి నుసి సెన్సార్ గుంటలో చేరితే రీడింగు మళ్లీ తప్పుతుంది, మెత్తటి కుంచెతో తరచూ దులపాలి. యంత్రాన్ని రైఫిల్ నోటికి మరీ దగ్గరగా పెడితే పెల్లెట్ కంటే ముందు గాలి దెబ్బే గడియారాన్ని మొదలుపెట్టిస్తుంది. మాకు ఒక మీటరు దూరం సరిపోయింది.

వైస్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది లేకపోతే పైన చెప్పినదేదీ రుజువయ్యేది కాదు. ఆటోనగర్‌లో ఒక లేతు మేస్త్రీతో దవడలు చేయించాను. "సార్, గింత సన్నపు పనికి రబ్బరు పెట్టాలె, లేకుంటె మీ గన్నుకు గీతలు పడ్తయి" అని ఆయనే చెప్పి, లారీ ట్యూబు ముక్కలు అతికించి ఇచ్చాడు. క్రోనోగ్రాఫ్‌తో పోలిస్తే దానికి ఖర్చయింది నామమాత్రం. సందర్భం వచ్చింది గనుక మరొకటి: గాలి నింపే సౌకర్యం దగ్గర లేని మన ఊళ్లలో వెల్డింగ్ షాపు ఆక్సిజన్ సిలిండర్‌తో నింపుకోమని సలహా ఇచ్చేవారు కనబడతారు. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అధిక పీడనంలో ఆక్సిజన్ లోపలి గ్రీజుకు తగిలితే మంటలు లేచి పేలిపోయే ప్రమాదం ఉంది.

కొనాలా వద్దా అన్నది ఎవరి పరిస్థితిని బట్టి వారు తేల్చుకోవలసిందే. మా రైఫిల్ పాతది, ఒకరి చేతి నుంచి మారి వచ్చినది, మరమ్మతుకు ప్రతిసారీ హైదరాబాద్ పంపవలసినది. రోగం ఉందో లేదో ఇక్కడే తేల్చుకోగలగడం మాకు ఎంతో విలువైన సంగతి. కొత్త రైఫిల్ కొని, సర్వీసు చేసేవారు అందుబాటులో ఉన్నవారికి అంత అవసరం రాకపోవచ్చు. నలుగురైదుగురు పిల్లలు కలిసి సాధన చేసే చోట అందరికీ కలిపి ఒకటి ఉంటే చాలు. ప్రతి రైఫిల్‌నూ నెలకొకసారి అరగంట పక్కన పెట్టి మొదటి మూడు గుండ్ల వేగం రాసుకుంటే రెగ్యులేటర్ సంగతి తెలిసిపోతుంది. స్ప్రింగ్ రైఫిల్‌తో (సిలిండర్ లేకుండా స్ప్రింగుతోనే గాలిని నొక్కే రకంతో) నేర్చుకుంటున్న పిల్లలకు రెగ్యులేటరే ఉండదు గనుక, ఆ డబ్బుతో వారి బ్యారెల్‌కు నప్పిన లాట్ పెల్లెట్లనే ఏడాదికి సరిపడా ఒకేసారి కొని పెట్టమని చెబుతాను. ఇంటిలోపలే వాడేవారు ఈ రకం కాకుండా సొంతంగా ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనబడని) వెలుతురు ఉన్న రకాన్ని చూడడం మంచిది. నాకు మళ్లీ కొనవలసి వస్తే అదే తీసుకుంటాను.