పుదుచ్చేరిలో ఒక్క పూటే ఉంటే: ఫ్రెంచి పేటా, తమిళ పేటా?

పుదుచ్చేరి వెళ్లొచ్చినవాళ్ల ఫొటోలన్నీ ఒకే అచ్చు. పసుపు గోడ, దాని మీద కాగితంపూల తీగ, ముందు మనిషి. అవన్నీ సముద్రం వైపున్న ఫ్రెంచి పేటవే. కాలువ దాటి పడమరకొస్తే తమిళ పేట. ఒక్క పూటే చేతిలో ఉంటే కాలువ దాటమనే అంటాను.

ఫ్రెంచి పేటను తీసిపారేయడానికి లేదు. 1761లో ఇంగ్లీషువాళ్లు ఊరిని నేలమట్టం చేశారు. ఊరు మళ్లీ చేతికొచ్చాక ఫ్రెంచివాళ్లు తిరిగి కట్టుకున్నారు. వీధులు తాడు పట్టినట్టుంటాయి, పొద్దున్నే నడవడానికి మహా హాయి. కానీ దూమా వీధి పొడుగునా నడిచినా కనబడేది ప్రహరీ, గేటూ. తోట, స్తంభాల వరండా అన్నీ లోపలే, ఇంటివాళ్లకే.

తమిళ ఇల్లు వీధికే పంచ దించి ఉంటుంది, కొయ్య స్తంభాల మీద. దారిన పోయేవాడు ఎండకి దాని కింద ఆగొచ్చు. వెనక అరుగు, చెక్కడపు తలుపు. తలుపు తీసి ఉంటే చూపు నేరుగా నడిమింటి వెలుతురు దాకా పోతుంది. గోదావరి వైపు మండువా ఇళ్లు ఎరిగినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అసలు రుచి కలగలుపు ఇళ్లలో ఉంది. వైశ్యాళ్ వీధిలో తలెత్తి చూడండి. కింద అరుగు, కొయ్య స్తంభం, పెంకుల పంచ. పైన కమాను కిటికీలు, రెక్కల తలుపులు, సున్నపు నగిషీలు. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా చేసిన ఆనందరంగ పిళ్లై ఇల్లూ ఇదే మచ్చు: కింద కొయ్య స్తంభాలు, మేడ మీద కట్టుబడి స్తంభాలు. దొరల మోజు మేడెక్కింది, అరుగు జోలికి మాత్రం రాలేదు! వైశ్యాళ్ వీధిని బాగుచేసిన పనికి 2008లో యునెస్కో పురస్కారం కూడా వచ్చింది.

ఇబ్బందులు లేకపోలేదు. బళ్ల రొద, వైర్లు, బోర్డులు. వారసులు పంచుకుని పడగొట్టిన చోటల్లా వరుస మధ్యలో సిమెంటు డబ్బా లేస్తోంది. కాపాడుకోవడంలో ఫ్రెంచి పేటే నయం, అయితే అక్కడా 2014 వానకి ఒడ్డునున్న మేరీ భవనం (ఫ్రెంచి కాలపు పురపాలక కార్యాలయం) కూలింది, ఇప్పుడున్నది తిరిగి కట్టినది.

బస ఫ్రెంచి వైపే పెట్టుకోండి, నిద్ర పడుతుంది. తమిళ పేటలో మిషన్ వీధికీ ఎంజీ రోడ్డుకీ మధ్య నడక మాత్రం కొట్లు తెరవకముందే ముగించండి. ఇంకో మాట, అవి మనుషులు కాపురముంటున్న ఇళ్లు. తలుపు తీసుంది కదా అని ఫోన్ లోపలికి చాపకండి.