పన్ను విరిగాక మళ్లీ ట్రంపెట్: వడపళని మాస్టారి క్లాసుల మీద నా రివ్యూ

కొత్తగా ట్రంపెట్ మొదలుపెట్టేవాళ్ల కోసం కాదు ఇది. ఒకప్పుడు బాగానే వాయించి, పన్ను విరగడం వల్లో, పెదవికి దెబ్బ తగలడం వల్లో, లేకపోతే ఉద్యోగం, పిల్లలు, ఈఎంఐల మధ్య ఏళ్ల తరబడి పెట్టె తెరవకపోవడం వల్లో ఇప్పుడు ఊదితే గాలి తప్ప స్వరం రానివాళ్లు చదవండి. చెన్నైలో అలాంటివాళ్లు చాలామందే ఉన్నారని మాస్టారి ఇంటి వరండాలో నా వంతు కోసం కూర్చున్నప్పుడు తెలిసింది.

మాస్టారంటే వడపళనిలో స్టూడియోల వెనక సందుల్లో, ఒక పాత ఇంటి మేడ మీద క్లాసులు చెప్పే పెద్దాయన. హాలు నిండా వాద్యకారులు కూర్చుని పాట మొత్తం ఒకేసారి వాయించిన రోజుల్లో సినిమా రికార్డింగులు చేశారు, ఆ తర్వాత కీబోర్డులు వచ్చి ట్రంపెట్ లాంటి బ్రాస్ (ఇత్తడి) వాద్యాల వాళ్లకి పని తగ్గిపోవడమూ చూశారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. మాట్లాడేది మద్రాసు తెలుగు, కోపం వస్తే పూర్తిగా తమిళం.

నా సంగతి క్లుప్తంగా చెప్తా. ఓఎంఆర్ రోడ్డు మీద వాన నీళ్లలో బండి జారి పై వరుసలో ముందు పన్ను విరిగింది. రూట్ కెనాల్ చేసి, దాని మీద జిర్కోనియా క్రౌన్ (తొడుగు) పెట్టారు. చూడ్డానికి బాగుంది, తినడానికీ ఇబ్బంది లేదు. కాకపోతే పాత పన్నుకంటే ఒక పిసరు మందం, కింది అంచు కాస్త ముందుకి వచ్చింది. ట్రంపెట్ వాయించనివాళ్లకి ఆ తేడా అసలు తెలియదు. మనకి మాత్రం మౌత్‌పీస్, అంటే ఊదే చోట ఉండే చిన్న లోహపు గిన్నె, పెదవుల మీద ఆనుతుంది, ఆ పెదవికి వెనక నుంచి ఆసరా ఇచ్చేది ముందు పళ్లే. అంచు మారితే పెదవి కూర్చునే చోటు మారుతుంది, మౌత్‌పీస్ కోణం మారుతుంది, ఎన్నో ఏళ్లుగా ఆలోచించకుండానే మూతి చేసుకుపోతున్న పని ఒక్కసారిగా ఆగిపోతుంది. నాకు కుడి పక్క నుంచి గాలి లీక్ అయ్యేది, కింది స్వరాలు బొంగురుగా వచ్చేవి, పైవి అసలు వచ్చేవి కావు. వాయిద్యం వాయిస్తానని డెంటిస్టుకి ముందే చెప్పినా పెద్దగా పట్టించుకోలేదు. మీలో ఇంకా పళ్లన్నీ బాగున్నవాళ్లుంటే ఇప్పుడే ఒక అచ్చు తీయించి పెట్టుకోండి. రేపు ఏదైనా జరిగితే పాత పన్ను ఆకారం ఎలా ఉండేదో చెప్పడానికి అదొక్కటే ఆధారం.

మాస్టారు నాకు చెప్పిన మొదటి పాఠం పాఠమే కాదు. నోరు తెరవమని టార్చి వేసి చూసి, "ట్రంపెట్ పట్టుకుని డెంటిస్టు దగ్గరికే పో నాయనా, అక్కడ కుర్చీలో కూర్చుని ఊది చూపించు" అన్నారు. ఫీజు తీసుకోలేదు. వేరే డెంటిస్టు దగ్గరికి వెళ్లి నిజంగానే ఊది చూపిస్తే, ఆవిడ నవ్వి, అంచు కొంచెం అరగదీసి పాలిష్ చేశారు. సగం సమస్య అక్కడే తగ్గింది. వచ్చిన రోజే డబ్బు కట్టించుకుని ఎక్సర్‌సైజులు మొదలుపెట్టే టీచర్లు ఎంతమంది లేరు!

ఇక క్లాసులు. ఆయన పద్ధతి నాలుగు ముక్కల్లో చెప్పాలంటే, ఊదనివ్వరు. అతిశయోక్తి కాదు. ఎంత సేపు ఊదితే అంత సేపు ఆగాలి, గోడ గడియారం చూస్తూ ఎదురుగా కూర్చుంటారు. ముందు అద్దం పెట్టి "మ్" అనమంటారు. పెదవులు మామూలుగా కలిసే తీరు అది. అక్కడి నుంచి మూతి మూలలు గట్టిగా, మధ్య భాగం మెత్తగా, గడ్డం ముడుచుకోకుండా, పళ్ల మధ్య కాస్త ఎడంగా. ఎంబషర్ అని మనం పెద్ద పేరు పెట్టుకున్నదంతా ఇదే, కండరాలు చేసే పని. నవ్వినట్టు పెదవులు సాగదీసే అలవాటు ఉన్నవాళ్లకి అక్కడే ఆపేస్తారు, ఎందుకంటే సాగిన పెదవి పలచబడి త్వరగా అలిసిపోతుంది.

తర్వాత ట్యూనింగ్ స్లయిడ్, అంటే శ్రుతి సరిచేసుకోవడానికి జరిపే వంపు గొట్టం, మొత్తం ఊడదీసి, మౌత్‌పీస్‌తో పాటు మిగిలిన ఆ చిన్న గొట్టంలోకి ఊదిస్తారు. బి ఫ్లాట్ ట్రంపెట్‌లో దానికి తేలిగ్గా పలికే సహజమైన స్వరం ఒకటి ఉంటుంది, ట్రంపెట్ నొటేషన్‌లో దాదాపు ఎఫ్. బలవంతపెట్టకుండా గాలి సాఫీగా వెళ్తే అదే పలుకుతుంది, పెదవి బిగిస్తే పైకి జారుతుంది, వదులైతే కిందికి పోతుంది. అంటే ఎక్కడ తప్పు జరుగుతోందో మాస్టారు చెప్పక్కర్లేదు, మన చెవికే తెలుస్తుంది. చేతకాని మూతికి ఇంతకంటే నిజాయితీ గల పరీక్ష నేను చూడలేదు.

అది కుదిరాకే స్లయిడ్ పెట్టి, నొటేషన్ ఐదు గీతల్లో రెండో గీత మీది జి నుంచి అర స్వరం అర స్వరం చొప్పున కిందికి, అతి మెల్లగా లాంగ్ టోన్లు, అంటే ఒక్కో స్వరాన్నీ ఎక్కువసేపు నిలపడం. మూడో గడిలో ఉండే సి దాటి పైకి వెళ్లడానికి చాలా కాలం అనుమతి లేదు. ఒకసారి ఆగలేక పైకి పోబోతే "ఎవరితో పోటీ? కింద ఇల్లు కట్టకుండా మేడ మీద పడుకుంటావా?" అన్నారు. తర్వాత లిప్ స్లర్లు, అంటే వేళ్లు కదపకుండా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం. ట్రంపెట్‌కి ఉన్నవి మూడే వాల్వులు, ఏదీ నొక్కకుండానే సి, జి, పై సి అన్నీ వస్తాయి. వేళ్లు ఏ సాయమూ చేయవు, గాలి వేగం, నాలుక ఎత్తు, పెదవుల పట్టు కలిసి స్వరాన్ని మార్చాలి. దెబ్బతిన్న పట్టు మళ్లీ ఎంత వచ్చిందో కొలిచేది ఇక్కడే.

ప్రెషర్ విషయంలో ఆయన చాలా కఠినం. స్వరం రానప్పుడు మనం తెలియకుండానే ఎడమ చేత్తో మౌత్‌పీస్‌ని పెదవికేసి నొక్కేస్తాం, స్వరం వస్తుంది కూడా, కానీ రక్త ప్రసరణ తగ్గి కాసేపటికి పెదవి మొద్దుబారుతుంది. అందుకని కుడి చేతి చిటికెన వేలు హుక్కులోంచి తీసేయమంటారు, ఆ హుక్కు పట్టుకునే చాలామంది గుంజుతారు. మౌత్‌పీస్ సరిగ్గా మధ్యలోనే ఉండాలని మాత్రం పట్టుబట్టరు. నాకు క్రౌన్ ఉన్న వైపు నుంచి ఒక నూలు వాసి ఎడమకి జరిపితే లీక్ ఆగింది, అక్కడే ఉంచేశారు.

మౌత్‌పీస్ మార్చనివ్వకపోవడం నాకు నచ్చిన ఇంకో విషయం. కష్టం వస్తే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది కొత్త సామాను. నేనూ బాక్ కంపెనీ 7సి మౌత్‌పీస్ వదిలేసి 3సి కొందామనే వెళ్లాను. కేటలాగు ప్రకారం వాటి లోపలి వ్యాసం 16.20, 16.30 మిల్లీమీటర్లు, తేడా మిల్లీమీటరులో పదో వంతు. అంచు ఆకారంలోనూ తేడా ఉంటుంది, కాదనను, కానీ పట్టు కుదరని మూతికి అదేం చేస్తుంది? పైగా బాక్‌లో అంకె పెరిగితే సైజు తగ్గుతుంది, యమహాలో అంకె పెరిగితే సైజు పెరుగుతుంది, ఆన్‌లైన్‌లో చూసి కొనేవాళ్లు జాగ్రత్త. పెదవులు బలపడటానికి అంటూ అమ్మే స్ప్రింగు పరికరాల సంగతి అడిగితే మాస్టారు తమిళంలోకి వెళ్లిపోయారు.

శబ్దం తగ్గడానికి ట్రంపెట్ ముందు కొసలో పెట్టే ప్రాక్టీస్ మ్యూట్ కూడా వద్దన్నారు. ఇది అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి పెద్ద టెన్షన్. మ్యూట్ పెడితే గాలికి అడ్డు పెరుగుతుంది, దానికి అలవాటుపడి మూతి మళ్లీ తప్పు దారి పడుతుందని ఆయన వాదన, నాకూ సబబే అనిపించింది. మా ఆవిడ చీరల బీరువా తలుపులు తీసి, ట్రంపెట్ వెడల్పాటి కొస అందులోకి పెట్టి ఊదుతున్నాను. పట్టుచీరలు శబ్దాన్ని బాగానే మింగుతాయి. ఇంట్లో గొడవ మింగవు.

పళ్లు పోతే ట్రంపెట్ అయిపోయినట్టేనా అని దిగులుపడేవాళ్లకి ఒక మాట. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్‌ని 1966లో కొందరు కొట్టారు, ఆ తర్వాత పళ్లు పోయి కట్టుడు పళ్లు పెట్టుకోవాల్సి వచ్చింది. వాయించడం దాదాపు మొదటి నుంచి నేర్చుకుని 1970ల్లో మళ్లీ వేదికెక్కాడు. నాది ఒక్క పన్నే. అయితే పెదవి కండరమే చిరిగితే కథ వేరు. ఇంకో జాజ్ ట్రంపెట్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరు మీద దాన్ని సాచ్‌మో సిండ్రోమ్ అంటారు. పెదవిలో గుంట పడినట్టున్నా, విశ్రాంతి తీసుకున్నా నొప్పి తగ్గకపోయినా మాస్టారి దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయన కూడా అదే చెప్పి ఒకాయన్ని నా ముందే తిప్పి పంపారు.

ఇక నచ్చనివి. గదిలో ఏసీ లేదు, మే నెలలో చెమటకి మౌత్‌పీస్ మూతి మీద నిలవదు. ఏదీ కాగితం మీద రాసివ్వరు, మనమే గుర్తుపెట్టుకోవాలి. ముహూర్తాల రోజుల్లో బ్యాండు వాళ్లకి సాయం అంటూ చివరి నిమిషంలో క్లాసు ఎత్తేస్తారు, ఫోన్ ఎత్తరు, మెట్రో దిగి సందంతా నడిచి వెళ్లాక అమ్మగారు "లేరు బాబూ" అని కాఫీ ఇచ్చి పంపుతారు. కాఫీ బాగుంటుంది కానీ శనివారం పొద్దున్న పోయినట్టే. ఆన్‌లైన్ క్లాసులు లేవు, కెమెరాలో మూతి మూలలు కనబడవంటారు. అన్నిటికంటే పెద్ద లోటు, పట్టు తిరిగొచ్చాక ఏం చేయాలన్నది ఆయన దగ్గర పెద్దగా లేదు. జాజ్, ఇంప్రొవైజేషన్, గ్రేడ్ పరీక్షలు కావాలంటే వేరే టీచర్‌ని చూసుకోవాలి. నేనూ అదే పనిలో ఉన్నాను.

హై నోట్స్ మోజుతో వెళ్లేవాళ్లకి అస్సలు పనికిరాదు. మాది మదనపల్లె, హై నోట్స్‌కి ప్రపంచమంతా చెప్పుకునే మేనార్డ్ ఫెర్గూసన్ మా పక్కనే రిషి వ్యాలీ స్కూల్లో పాఠాలు చెప్పాడని గొప్పగా చెప్తే, "అయితే ఏంటి, నువ్వు జి ఊదు" అన్నారు.

ప్రస్తుతం నా పరిస్థితి: గీతల పైన ఉండే జి వరకు శుభ్రంగా వస్తోంది, చర్చిలో కీర్తనలకి రెండో ట్రంపెట్ వాయిస్తున్నాను, ఒక గంట దాటితే కుడి మూల ఇంకా వణుకుతుంది. ఫీజు క్లాసుకి వెయ్యి, నగదే, నెల మొత్తం ముందే కట్టాలి, ఆయన ఎత్తేసిన క్లాసు తర్వాత ఇస్తారు కానీ మనం మానేసింది పోయినట్టే. క్రిస్మస్ ప్రోగ్రాముల వల్ల డిసెంబర్‌లో కొత్తవాళ్లని తీసుకోరు, పొంగల్ అయ్యాక అడగండి. వెళ్లేటప్పుడు కొత్త మౌత్‌పీసులు మాత్రం తీసుకెళ్లకండి, మొదటి పది నిమిషాలు తిట్లకే పోతాయి.