మ్యూజియమా, తుక్కా?

విధుల నుంచి తప్పించిన యుద్ధనౌకను మ్యూజియంగా ఉంచాలా, తుక్కు కింద అమ్మాలా అన్నదే ప్రశ్న. హన్మకొండ చౌరస్తా దగ్గర మెకానిక్ షాపులో ఒక బజాజ్ వి బండి చూసిన. సీటు చిరిగింది, ట్యాంకు నిండా గీతలు. అయినా అందులో ఐఎన్ఎస్ విక్రాంత్ లోహం ఉంది. 1997లో విధుల నుంచి తప్పించిన ఆ విమాన వాహక నౌక 2012 దాకా ముంబైలో మ్యూజియంగా నిలిచి, 2014లో తుక్కు కింద పోయింది. మరో విమాన వాహక నౌక విరాట్‌దీ, గుజరాత్‌లో ఓడలను విరగ్గొట్టే అలంగ్‌లో అదే గతి.

విశాఖ బీచిలో కురుసుర సబ్‌మెరైన్ మాత్రం 2002 నుంచి సందర్శకులతో కళకళలాడుతోంది. దాని గుండ్రటి ఇనుప ద్వారంలో దూరుతుంటే మావాడికి నుదురు బొప్పి కట్టింది. అది 91 మీటర్లే, పైగా ఒడ్డెక్కింది. విక్రాంత్ 213 మీటర్లు, ఉప్పునీళ్లలోనే ఉండాలి, తుప్పు తప్పదు. మా ఓరుగల్లు రాతి తోరణాలకు తుప్పు బాధ లేదు మరి! అంత పెద్ద ఓడకైతే నా ఓటు తుక్కుకే.