హైదరాబాద్ వనస్థలిపురంలో మా వీధి కిరాణా కొట్టు, రెండు లాక్‌డౌన్లు చూశాక రాస్తున్న రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు కట్ చేశానో కింద రాస్తా. బోర్డు మీద ఏదో ఎంటర్‌ప్రైజెస్ అని ఉంటది కానీ చుట్టుపక్కల ఎవ్వరూ ఆ పేరుతో పిలవరు, అన్న కొట్టు అంటే చాలు చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. మామూలు రోజుల్లో చూస్తే ప్రత్యేకంగా ఏం కనపడదు, రెండు షట్టర్ల షాపు, ముందు బియ్యం బస్తాలు, పైన వేలాడే షాంపూ ప్యాకెట్లు, అంతే. కానీ ఈ కొట్టు వల్లే మేం ఇదే కాలనీలో ఇల్లు కొనుక్కున్నాం, అందుకే ఇంత పెద్ద రివ్యూ.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అయిన సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ అన్నారు కదా, మర్నాడు పొద్దున మెయిన్ రోడ్డు మీద సూపర్‌మార్కెట్లలో జనం ట్రాలీలు ట్రాలీలు తోసుకుపోయారు, మధ్యాహ్నానికి కందిపప్పు లేదు, గోధుమపిండి లేదు. అన్న మాత్రం ఆ పొద్దున్నే రూల్ పెట్టేశాడు, ఇంటికి రెండు కిలోల పప్పు, అంతకు మించి ఎవరడిగినా ఇయ్యను అని. కారులో వచ్చి పది కిలోలు కావాలి, రేటు ఎక్కువైనా పర్లేదు అన్నాయనకి కూడా ‘సార్, వెనక లైన్లో ఉన్నోళ్ళు కూడా వండుకోవాలి కదా’ అని రెండు కిలోలే కట్టిచ్చాడు. మాస్కు పది రూపాయలు, రెండొందల ఎంఎల్ శానిటైజర్ వంద రూపాయలు అని సెంట్రల్ గవర్నమెంట్ రేటు ఫిక్స్ చేస్తే, దొరికినన్ని రోజులు అదే రేటుకి అమ్మాడు, అప్పట్లో ఇది చిన్న విషయం కాదండి.

షాపు ముందు సున్నంతో గుండ్రాలు గీశాడు, అడ్డంగా తాడు కట్టాడు. తాడుకి ఒక ప్లాస్టిక్ బకెట్ వేలాడేది, సామాన్ల చీటీ మీద ఇంటి నంబరు రాసి అందులో వేసి పోతే సాయంత్రానికి సంచి రెడీ. అక్క (వాళ్ళావిడ) చిల్లర నాణేలన్నీ సర్ఫ్ నీళ్ళల్లో వేసేది, నోట్ల మీద శానిటైజర్ కొట్టి ఫ్యాన్ కింద తీగకి బట్టల క్లిప్పులు పెట్టి ఆరేసేది. అంత భయంలో కూడా ఒక్కరోజు షట్టర్ దించలేదు. మే నెలలో వనస్థలిపురంలో కంటైన్‌మెంట్ జోన్లు పెట్టి బారికేడ్లు కట్టినప్పుడైతే వీధి మొత్తం వీళ్ళ మీదే బతికింది, గేటు బయట సంచి పెట్టి దూరంగా నిలబడి ఫోన్ చేసేవాడు.

నేను ఎక్కువ మార్కులు వేసేది మాత్రం ఆ ఎర్ర అట్ట ఖాతా బుక్కుకి. మా వీధిలో పోర్షన్లలో ఉండేది ఎక్కువగా క్యాబ్ నడిపేవాళ్ళు, ప్రైవేట్ స్కూల్ టీచర్లు, ఈవెంట్లకి పనిచేసేవాళ్ళు. జీతం ఆగిపోయింది, క్యాబ్ కదల్లేదు. మూడు నెలలు అద్దె అడగొద్దు, తర్వాత వాయిదాల్లో తీసుకోండి అని ఏప్రిల్‌లో ప్రభుత్వం చెప్పింది, కొందరు ఓనర్లు విన్నారు, కొందరు ఒకటో తారీఖు రాగానే తలుపు కొట్టారు. అద్దె సంగతి పక్కన పెడితే తిండి ఎట్లా? వాళ్ళందరికీ అన్న అరువిచ్చాడు. ఎవరికి ఎంత బాకీ ఉందో పక్కనోళ్ళకి తెలియనీయలేదు, పది మందిలో పైకి చదవలేదు. మా పై పోర్షన్ టీచరమ్మ ఏడాది తర్వాత మెల్లగా కట్టేసిందని ఆమే చెప్తే నాకు తెలిసింది.

ఇంక ఇల్లు సంగతి. లాక్‌డౌన్ మొదట్లో దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళు ఖాళీ, సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్ పట్టుకుని ఊళ్ళకి వెళ్ళిపోయారు, మా వైపు కూడా ఎక్కడ చూసినా టులెట్ బోర్డులే. కొన్ని నెలలు గడిచేసరికి సీన్ మారింది, ఇద్దరికీ వర్క్ ఫ్రమ్ హోమ్, పిల్లకి ఆన్‌లైన్ క్లాసు, డబుల్ బెడ్‌రూమ్‌లో ముగ్గురం మూడు మూలల్లో కూర్చుంటే ఒకరి మీటింగ్ ఇంకొకరి పాఠంలో వినపడేది. ఆర్‌బీఐ మే నెలలో రెపో (బ్యాంకులకి తనిచ్చే అప్పు మీద వడ్డీ) 4 శాతానికి దించింది, హోమ్ లోన్లు ఏడు శాతం దగ్గరికి వచ్చాయి, సరే కొందాం అనుకున్నాం. ఆన్‌లైన్‌లో వెతికితే ఒకే ఫ్లాట్‌ని ముగ్గురు బ్రోకర్లు మూడు రేట్లకి పెట్టారు, ఒకసారి నంబర్ ఇస్తే ఇంక ఫోన్లు ఆగలేదు.

అన్నని అడిగితే పప్పు తూచుతూనే మొత్తం చెప్పేశాడు. ఏ బిల్డింగ్‌లో ఎండాకాలం బోరు ఎండిపోయి ట్యాంకర్ తెప్పిస్తారు, ఎక్కడ ఓనర్ల మధ్య మెయింటెనెన్స్ గొడవలు, ఎవరు అర్జెంటుగా అమ్ముతున్నారు. అక్టోబర్ 13 వానకి బీఎన్ రెడ్డి నగర్ వైపు హరిహరపురంలో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి కదా, మాకు నచ్చిన ఒక ఇంటి గురించి ‘అన్నా, ఆ సందులో మోకాళ్ళ లోతు వచ్చింది, నేనే పాల ప్యాకెట్లు తీసుకపోయిన, వద్దు’ అన్నాడు. ఈ ముక్క ఏ బ్రోకరూ చెప్పడు. చివరికి ఆయన చెప్పిన ఫ్లాటే తీసుకున్నాం, కమీషన్ అడగలేదు, ఇవ్వబోతే తీసుకోలేదు, గృహప్రవేశానికి సామాన్లు మాత్రం నా దగ్గరే తీస్కోండి అన్నాడు. ధరణి (అప్పట్లో ప్రభుత్వం తెచ్చిన భూముల రికార్డుల పోర్టల్) కోసమని సెప్టెంబర్ 8 నుంచి రిజిస్ట్రేషన్లు ఆపేశారు కాబట్టి అగ్రిమెంట్ మీదే డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది, ఆ టెన్షన్ వేరు. అప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చులు మొత్తం 6 శాతం, 2021 జూలై 22 నుంచి 7.5 చేశారు, మాకు అంతకుముందే అయిపోయింది.

అర మార్కు ఎందుకు కట్ అంటే, కూరగాయలు. మధ్యాహ్నానికి వాడిపోయినవి కూడా పొద్దుటి రేటే చెప్తాడు, అది బాలేదు. చిల్లరకి చాక్లెట్లు ఇవ్వడం ఇంకా మానలేదు. 2021 మేలో రెండో లాక్‌డౌన్ అప్పుడు పొద్దున ఆరు నుంచి పది దాకానే టైమ్ ఇస్తే, తొమ్మిదిన్నరకి షాపు ముందు తోసుకునేవాళ్ళు, ఈసారి బకెట్ సిస్టమ్ ఎందుకు పెట్టలేదో అర్థం కాలేదు, గట్టిగానే చెప్పాను కూడా.

కొత్తగా ఏరియాకి వచ్చేవాళ్ళు వాట్సాప్‌లో లిస్ట్ పెడితే చాలు, ఫోన్‌పే, గూగుల్ పే రెండూ ఉన్నాయి, నాలుగో అంతస్తు అయినా పైకి తెచ్చిస్తాడు. పల్లీలు, ఇడ్లీ రవ్వ, చింతపండు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. ఆకుకూరలు కావాలంటే మాత్రం ఎనిమిదిలోపే వెళ్ళండి. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మూసేస్తారు, ఆ టైమ్‌లో ఫోన్ చేయకండి, వాళ్ళకి వారంలో దొరికే రెస్ట్ అదొక్కటే.