అజూర్ మైగ్రేట్: మోసుకెళ్లడంలో మేటి, లెక్కలో మాత్రం మన కన్ను ఉండాలి

ఒకే సర్వర్‌లో అనేక వర్చువల్ మెషీన్లను (వీఎంలను) నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ సంస్థ 2023 నవంబరు 22న సొంతం చేసుకున్న తరువాత శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయి, చందా పద్ధతి ఒక్కటే మిగిలింది. ఒక్కో ప్రాసెసర్‌కు కనీసం 16 కోర్ల చొప్పున చందా లెక్కగట్టడంతో, చిన్న ప్రాసెసర్లున్న పాత సర్వర్లు నడుపుకునేవారు లేని కోర్లకూ డబ్బు కట్టాల్సి వచ్చింది. వీఎంవేర్ ప్రధాన సాఫ్ట్‌వేర్ అయిన వీస్పియర్ 7కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 2తో ముగిసింది. సర్వర్ గదిని ఇంకొన్నేళ్లు ఇలాగే కొనసాగించాలా, క్లౌడ్‌కు తరలిపోవాలా అన్న చర్చ మన ప్రాంతపు మధ్యతరహా సంస్థల్లో ఇంతగా వేడెక్కడానికి ఈ రెండూ ప్రధాన కారణాలు. తరలిపోవాలని నిశ్చయించుకున్నవారి కోసం మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ సేవ అజూర్‌కు చేర్చేందుకు అందించే అజూర్ మైగ్రేట్ అనే ఉపకరణాన్ని, విజయవాడలో మందుల టోకు పంపిణీ చేసే ఒక సంస్థ సర్వర్లను తరలించే పనిలో భాగంగా మేము దగ్గరగా వాడి చూశాము. ఈ సమీక్ష ఆ అనుభవం మీద ఆధారపడినది.

ఈ ఉపకరణం చేసే పనులు రెండు. మన దగ్గర ఏ వర్చువల్ మెషీన్లు ఉన్నాయో కనిపెట్టి, అజూర్‌లో వాటికి ఏ పరిమాణం సరిపోతుందో, నెలకు ఎంత ఖర్చవుతుందో అంచనా వేయడం మొదటిది. వాటిని నిజంగానే అక్కడికి చేర్చడం రెండవది. రెండవ పనిని ఇది చాలా బాగా చేస్తుంది. మొదటి పని ఫలితాన్ని మాత్రం, ఆ సంస్థ వ్యాపారం ఏ నెలలో, ఏ తేదీల్లో ఎలా నడుస్తుందో తెలిసిన మనిషి పక్కన కూర్చుని సరిచూడకుండా యాజమాన్యం ముందు పెట్టకూడదు.

ఏర్పాటు చేసుకోవడం కష్టమేమీ కాదు. దాదాపు 12 జీబీ ఉండే ఓవీఏ ఫైలును (సిద్ధం చేసి ఉంచిన వీఎం ప్యాకేజీని) దింపుకుని, వీఎంవేర్ సర్వర్లన్నింటినీ ఒకే చోటు నుంచి నడిపించే వీసెంటర్‌లో దిగుమతి చేస్తే, 8 కోర్లు, 32 జీబీ మెమరీ గల అప్లయన్స్ అనే సహాయక వీఎం తయారవుతుంది. ఉన్న హోస్టులే (వీఎంలు నడిచే అసలు సర్వర్లే) నిండిపోయి ఉన్న చోట ఈ పాటి మెమరీ వెతకడం కూడా ఒక పనే అవుతుందని ముందే గుర్తుంచుకోవడం మంచిది. ఆ తరువాత బ్రౌజర్‌లో 44368 పోర్టు మీద దాని పేజీ తెరిచి, ప్రాజెక్టు కీ అతికించి, వీసెంటర్ ఖాతా వివరాలు ఇస్తే వెతుకులాట మొదలవుతుంది. వీసెంటర్ లేకుండా విడి ఈఎస్‌ఎక్స్‌ఐ (వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ నడిచే) హోస్టులతోనే నెట్టుకొస్తున్నవారికి ఈ దారి లేదు. వారు తమ వీఎంలను భౌతిక సర్వర్లుగా పరిగణించి, ప్రతిదానిలో ఏజెంటు అనే చిన్న ప్రోగ్రాము ఎక్కించే పాత పద్ధతిలోనే వెళ్లాలి.

అంచనా విభాగం దగ్గర కొంచెంసేపు ఆగాలి. అప్లయన్స్ ప్రతి 20 సెకన్లకూ వీసెంటర్ నుంచి వినియోగ వివరాలు తీసుకుని, పది నిమిషాలకొకసారి వాటిలో గరిష్ఠ విలువను దాచుకుంటుంది. పరిమాణం నిర్ణయించేటప్పుడు ఈ విలువల్లో 95వ పర్సెంటైల్‌ను తీసుకుని, దానిని 1.3 అనే కంఫర్ట్ ఫ్యాక్టర్‌తో, అంటే ముందుజాగ్రత్త గుణకంతో, హెచ్చిస్తుంది. ఎంత కాలపు చరిత్రను చూడాలన్న చోట మనం మార్చకపోతే ఉండేది ఒక్క రోజు. మామూలు మంగళవారం నాడు బస్టాండును చూసివచ్చి సంక్రాంతికి ఎన్ని బస్సులు వేయాలో చెప్పినట్టుంటుంది ఆ అంచనా. మందుల పంపిణీ సంస్థలో ప్రతి నెలా 11వ తేదీలోపు జీఎస్‌టీఆర్ 1, 20వ తేదీలోపు జీఎస్‌టీఆర్ 3బీ అనే జీఎస్‌టీ రిటర్నులు దాఖలు చేయాల్సి ఉన్నందున, ఆ తేదీలకు ముందు లెక్కల సర్వర్ మీద పడే భారానికీ మిగతా రోజుల భారానికీ పొంతన ఉండదు.

కాబట్టి చరిత్రను ఒక నెలకు మార్చుకోవాలన్నది అందరూ చెప్పే సలహాయే. అయితే అది ఒక్కటే సరిపోదన్న సంగతి చాలామంది గమనించరు. 30 రోజులంటే 720 గంటలు. 95వ పర్సెంటైల్ అంటే అందులో అత్యధిక భారం పడిన 5 శాతాన్ని, అంటే 36 గంటలను, లెక్కలోంచి తీసేయడమే. నెలలో నిజంగా ఒత్తిడి ఉండేది ఆ ఒకటిన్నర రోజే అయినప్పుడు, మనం ఏ సమయం కోసం సర్వర్‌ను కొంటున్నామో సరిగ్గా ఆ సమయాన్నే అంచనా పక్కన పెట్టేస్తుంది. లెక్కల సర్వర్‌కు, దాని వెనకనున్న ఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్‌కు 99వ పర్సెంటైల్ ఎంచుకుంటే వదిలేసేది 7 గంటల పైచిలుకే. ఫైల్ సర్వర్లకు, యాంటీవైరస్ సర్వర్ వంటివాటికి 95 చాలు. సర్వర్లను గుంపులుగా విడగొట్టి ఒక్కో గుంపుకు వేరువేరు అసెస్‌మెంట్ (అంచనా) వేసుకునే వెసులుబాటు ఉపకరణంలోనే ఉంది; దానిని వాడుకోకుండా అన్నింటికీ ఒకే అసెస్‌మెంట్ వేయడమే అసలు పొరపాటు.

కంఫర్ట్ ఫ్యాక్టర్ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. 8 కోర్లున్న ఒక వీఎం అందులో సగమే వాడుతోందనుకుందాం. కావలసినవి 4 కోర్లు, 1.3తో హెచ్చిస్తే 5.2. అజూర్ సాధారణ శ్రేణుల్లో 4 కోర్ల తరువాత వచ్చేది 8 కోర్ల పరిమాణమే కనుక, సిఫార్సు 8 దగ్గర ఆగుతుంది. ఒకే శ్రేణిలో కోర్లు రెట్టింపైతే ధర కూడా రెట్టింపవుతుంది. అంటే 30 శాతం ముందుజాగ్రత్త బిల్లులో నూరు శాతంగా తేలవచ్చు. అంచనా మొత్తం చూసి గుండె గుభేల్‌మన్నవారు, క్లౌడ్ మనకు తగదని తీర్మానించుకునే ముందు, 4కూ 8కీ మధ్య ఇలా చిక్కుకున్న వీఎంలు ఎన్ని ఉన్నాయో ఏరి చూసుకోవాలి. క్లౌడ్‌లో పరిమాణం పెంచుకోవడానికి ఒక రీస్టార్ట్ చాలు కాబట్టి, అటువంటి వాటిని చిన్న పరిమాణంతో మొదలుపెట్టడంలో పెద్ద ప్రమాదం లేదని నా అభిప్రాయం.

అసెస్‌మెంట్ పక్కన అయిదింటికి ఇన్ని నక్షత్రాలని కనిపించే విశ్వసనీయత గుర్తు కూడా కొంత తప్పుదారి పట్టిస్తుంది. అడిగిన కాలానికి ఎంత శాతం సమాచారం అందిందో మాత్రమే అది చెబుతుంది. ఒక్క రోజు చరిత్ర అడిగి, ఆ రోజంతా సమాచారం అందితే అయిదు నక్షత్రాలూ వచ్చేస్తాయి. అలాగే, విండోస్ లైసెన్సులకు సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ అనే మైక్రోసాఫ్ట్ ఒప్పందం ఉన్నట్టు సెట్టింగులో గుర్తుపెట్టి ఉంటే హైబ్రిడ్ బెనిఫిట్ అనే రాయితీ వర్తింపజేసి ఖర్చు తగ్గించి చూపిస్తుంది. ఆ ఒప్పందం మనకు నిజంగా ఉందా లేదా అన్నది కొనుగోలు కాగితాలు చూసి తేల్చుకోవలసిన విషయం.

రీజియన్, అంటే క్లౌడ్ డేటాసెంటర్లుండే ప్రాంతం, ఎంపిక కూడా ఇక్కడే జరుగుతుంది. విజయవాడకు దూరం ప్రకారం దగ్గరది చెన్నైలోని సౌత్ ఇండియా రీజియనే అయినా, దానిలో అవైలబిలిటీ జోన్లు (ఒకటి ఆగినా మరొకటి నడిచేలా విడివిడిగా ఉండే డేటాసెంటర్లు) లేవు. పుణెలోని సెంట్రల్ ఇండియాలో ఉన్నాయి. పైగా అన్ని వీఎం శ్రేణులూ అన్ని రీజియన్లలో దొరకవు. మేము సెంట్రల్ ఇండియానే ఎంచుకున్నాము. హైదరాబాద్‌లో కొత్త రీజియన్ నెలకొల్పుతామని మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలోనే ప్రకటించింది.

ఇక తరలింపు విషయానికి వస్తే ఈ ఉపకరణాన్ని మెచ్చుకోకుండా ఉండలేము. ఏజెంట్‌లెస్ పద్ధతిలో వీఎం లోపల ఏదీ ఎక్కించనక్కరలేదు. అప్లయన్స్ ఒక స్నాప్‌షాట్ (డిస్కు ఆ క్షణాన ఉన్న స్థితి) తీసి మొత్తం డిస్కును అజూర్‌కు పంపుతుంది. ఆ తరువాత వీఎంవేర్ వారి మారిన బ్లాకుల నమోదు సదుపాయం ఆధారంగా, మారినంత మేరకే మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. ఒక విడతకూ మరో విడతకూ మధ్య విరామం గంటకు తగ్గదు, 12 గంటలకు మించదు. పగలంతా వినియోగదారులు తమ పని తాము చేసుకుంటూ ఉండగానే ఇది సాగిపోతుంది. అప్లయన్స్ నుంచి ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్టులకు 902 పోర్టు తెరిచి ఉండాలన్న నియమాన్ని చాలామంది వీసెంటర్ 443 పోర్టుతో సరిపెట్టుకుని మరచిపోతారు. అప్పుడు వీఎంలన్నీ జాబితాలో చక్కగా కనిపిస్తాయి గానీ రెప్లికేషన్, అంటే ఈ నకలు పంపే పని, మాత్రం కదలదు.

సమయం తినేది లైను వేగమే. 4 టీబీ సమాచారాన్ని 100 ఎంబీపీఎస్ లైను మీద పంపాలంటే, ఆ లైనును మరెవ్వరూ ముట్టుకోకపోయినా దాదాపు 4 రోజులు పడుతుంది. ఆఫీసు లైనునే వాడుకోవలసి వస్తే పగటి పూట బిల్లింగ్ నిలిచిపోతుంది. దీనికి పరిష్కారం అప్లయన్స్‌లోనే ఉంది: పవర్‌షెల్‌లో గేట్‌వే విండోస్ సర్వీస్ అనే ప్రోగ్రాముకు పరిమితి విధిస్తూ ఒక క్యూఓఎస్ (లైను వేగాన్ని అదుపు చేసే) నియమం రాసి, ఉదయం కౌంటర్లు తెరిచే వేళకు అది అమల్లోకి వచ్చేలా, రాత్రికి తొలగిపోయేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టుకుంటే సరిపోతుంది. ఇంత అవసరమైన సదుపాయానికి పోర్టల్‌లోనే ఒక మీట ఉంటే ఎంతో బాగుండేది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా స్నాప్‌షాట్ల మీదే నడుస్తుంది కనుక, డేటాస్టోర్‌లో (వీఎంల డిస్కులుండే చోట) ఖాళీ తక్కువగా ఉన్నవారు రెండింటి వేళలూ కలవకుండా చూసుకోవాలి.

టెస్ట్ మైగ్రేషన్ అనేది ఈ ఉపకరణంలో నాకు అన్నింటికన్నా నచ్చిన భాగం. అసలు సర్వర్ ఇక్కడ నడుస్తూ ఉండగానే దాని నకలును అజూర్‌లో వేరే నెట్‌వర్క్‌లో లేపి చూసుకోవచ్చు. గోదాము చేతి స్కానర్ల ప్రోగ్రాము కాన్ఫిగరేషన్ ఫైలులో డేటాబేస్ సర్వర్ ఐపీ చిరునామా నేరుగా రాసి ఉందన్న సంగతి మాకు బయటపడింది అక్కడే. ఆ చిరునామాను పేరుతో మార్చే పని పాత సర్వర్ ఇంకా బతికి ఉండగానే ముగించుకున్నాము. డొమైన్ కంట్రోలర్లను (ఉద్యోగుల లాగిన్లను సరిచూసే సర్వర్లను) మాత్రం ఈ దారిన తీసుకెళ్లకుండా, అజూర్‌లో కొత్తది నిలబెట్టి ఖాతాల డైరెక్టరీని దానికి చేరనివ్వడం మేలు.

సిద్ధంగా ఉందని ఉపకరణం చెప్పడంలోని అర్థాన్ని కూడా తెలుసుకోవాలి. అది చూసేది ఆపరేటింగ్ సిస్టమ్, బూట్ విధానం, డిస్కుల పరిమాణం వంటివి. హోస్టుకు గుచ్చిన యూఎస్‌బీ డాంగిల్ మీద ఆధారపడి నడిచే ప్రోగ్రాము సంగతి దాని పరిధిలోకి రాదు, అజూర్‌లో ఆ డాంగిల్‌ను గుచ్చడానికి చోటూ లేదు. మా పనిలో అటువంటి లెక్కల ప్రోగ్రాము ఒకటి ఉంది. దానిని అమ్మిన సంస్థ డాంగిల్ బదులు సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఇవ్వడానికి వాయిదాల మీద వాయిదాలు వేసింది. అన్ని సర్వర్ల తరలింపు కన్నా ఈ ఒక్క ఉత్తరప్రత్యుత్తరానికే ఎక్కువ ఓపిక ఖర్చయింది. ఆర్‌డీఎం డిస్కులు (వీఎంకు నేరుగా తగిలించిన స్టోరేజి), క్లస్టర్లు పంచుకునే డిస్కులు ఉన్నవారు కూడా ఏజెంట్‌లెస్ పద్ధతి మీద ఆశ పెట్టుకోకూడదు.

అసలు తరలింపు రోజున, పాత వీఎంను ఆపి చివరి మార్పులు పంపించే ఎంపికను తప్పక ఎంచుకోవాలి; అప్పుడు సమాచారం ఏదీ జారిపోదు. కొత్త వీఎం లేచిన తరువాత అజూర్‌లో జరిగిన మార్పులను వెనక్కి, మన వీఎంవేర్‌కు, పంపే దారి మాత్రం ఈ ఉపకరణంలో లేదు. పాత వీఎం ఆగిపోయిన స్థితిలో భద్రంగానే ఉంటుంది గానీ, సోమవారం మధ్యాహ్నం దాకా బిల్లులు కొట్టాక వెనక్కి వెళ్లాలంటే ఆ బిల్లులను మనమే మోసుకురావాలి. ఈ కారణంగా వెళ్లాలా ఆగాలా అన్న నిర్ణయాన్ని ఆదివారం రాత్రే తీసుకోవడం తప్పనిసరి.

అమెజాన్ వారి అప్లికేషన్ మైగ్రేషన్ సర్వీస్‌తో పోల్చమని చాలామంది అడుగుతారు. అది ప్రధానంగా ప్రతి సర్వర్‌లో ఏజెంటు ఎక్కించి, మార్పులను విడతలుగా కాక ఎడతెగకుండా పంపే పద్ధతి. మార్పుల వేగం ఎక్కువగా ఉండే డేటాబేస్ సర్వర్లకు అది అనుకూలం. 2022 నవంబరులో ప్రారంభమైన అమెజాన్ హైదరాబాద్ రీజియన్ మూడు జోన్లతో మనకు చేరువలో ఉండటం కూడా చిన్న విషయం కాదు. విండోస్, ఎస్‌క్యూఎల్ లైసెన్సులు సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్‌తో సహా ఇప్పటికే చేతిలో ఉన్నవారికి మాత్రం లెక్క అజూర్ వైపే మొగ్గుతుంది, మా విషయంలోనూ అదే జరిగింది.

ధర గురించి ఒక్క మాట. ఒక్కో మెషీన్‌కు మొదటి 180 రోజుల రెప్లికేషన్ ఉచితం. కానీ ఆ కాలంలో అజూర్‌లో తయారయ్యే డిస్కులకు, స్నాప్‌షాట్లకు మొదటి రోజు నుంచే బిల్లు పడుతుంది. ఓవీఏ లోపలి విండోస్ సర్వర్ కూడా 180 రోజుల మూల్యాంకన లైసెన్సుతోనే వస్తుంది కనుక, ఏడాది పొడవునా తీరిగ్గా తరలిద్దామనుకునేవారు ముందే లెక్క చూసుకోవాలి. తరలింపు పూర్తయిన ప్రతి వీఎం మీద పోర్టల్‌లో కంప్లీట్ మైగ్రేషన్ అన్నది విడిగా నొక్కితే తప్ప రెప్లికేషన్ ఆగదు, దాని కోసం ఉంచిన డిస్కులు తొలగవు. కొత్త సర్వర్ చక్కగా నడుస్తోందని అటు వెళ్లడం మానేసినవారికి నెలాఖరు బిల్లులో కనిపించే మొదటి అనుమానాస్పదమైన వరుస సాధారణంగా ఇదే.