రోడ్ బైకా, గ్రావెల్ బైకా? ముందు ఫ్రేములో చోటు చూడండి

తారురోడ్డుకు చేసిన రోడ్ బైక్ కొనాలా, కంకర, మట్టి దారులకు చేసిన గ్రావెల్ బైక్ కొనాలా అని వారానికి ఒకరైనా అడుగుతున్నారు. అడిగేవాళ్లు అప్పటికే రెండు సైకిళ్లను మనసులో పక్కపక్కన నిలబెట్టుకుని ఉంటారు. ఒకటి సన్నగా, బిగువుగా, గోడకు ఆనించి ఉన్నా పరుగెత్తుతున్నట్టే కనిపిస్తుంది. రెండోది దాని అన్నలా కాస్త ఒళ్లు చేసి, లావు టైర్ల మీద నింపాదిగా నిలబడి ఉంటుంది. ఏది వేగంగా పోతుందన్నది వాళ్ల మొదటి ప్రశ్న, బరువెంత అన్నది రెండోది. ఈ రెంటికీ జవాబు చెప్పే ముందు నేను ఎదురు ప్రశ్న ఒకటి వేస్తాను. ఆ ఫ్రేములో ఎంత లావు టైరు పడుతుంది?

చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. టైరుదేముంది, నచ్చకపోతే మార్చుకోవచ్చు కదా అంటారు. నిజమే, టైరు మారుతుంది. సీటు, హ్యాండిల్, గేర్లు, చక్రాలు కూడా మారతాయి. ఫ్రేము మాత్రం మారదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు రెండు కాళ్ల నడుమ, వెనక చక్రాన్ని పట్టుకునే రెండు కడ్డీల నడుమ తయారైన నాడు ఎంత చోటు వదిలారో సైకిలు ఉన్నంతకాలం అంతే. రోడ్ బైక్, గ్రావెల్ బైక్ అనే పేర్లు అమ్మేవాళ్లు పెట్టుకున్నవి. ఆ చోటే అసలు తేడా అని నా లెక్క.

ఈ సంగతి నాకు నా పాత రోడ్ బైక్ నేర్పింది. అందులో 28 మి.మీ. టైరు పడుతుందని రాసి ఉంది, పట్టింది కూడా. ఒకరోజు ఉదయం, వాన వెలిశాక, రోడ్డు తవ్వి ఉంటే పక్కనున్న మట్టిదారిలోకి దిగాను. అర కిలోమీటరు పోయానో లేదో, ముందు చక్రం దగ్గర గరుకు కాగితం రుద్దుతున్నట్టు చప్పుడు. దిగి చూస్తే టైరుకూ ఫోర్కు పైభాగానికీ మధ్య మట్టి ముద్దగా కూరుకుపోయి ఉంది. అందులో శనగగింజంత రాయి ఒకటి ఇరుక్కుంది. పుల్లతో గీకడం, నాలుగడుగులు నడిపించడం, మళ్లీ గీకడం. చివరికి సైకిలును భుజాన వేసుకుని తారురోడ్డు దాకా మోశాను. ఇంటికి వచ్చి కడిగాక చూస్తే ఫోర్కు లోపలి వైపు వేలిగోరంత మేర రంగు లేచిపోయి నల్లటి కార్బన్ బయటపడింది. టైరు జారలేదు, పంక్చరూ కాలేదు. చోటు లేకపోవడం ఒక్కటే ఆ రోజు నన్ను ఆపేసింది.

ఇంతకీ లావు టైరంటే నెమ్మది అన్న నమ్మకం ఎక్కడిది? రోడ్డు పందేల్లో చాలాకాలం 23 మి.మీ. టైరే రివాజు. అందులో వంద పీఎస్ఐకి పైగా గాలి కొట్టేవాళ్లు. ఆ టైరు మీద చేతుల్లోకి, నడుములోకి సన్నటి అదురు ఎక్కుతూ ఉంటుంది. ఆ అదురునే మనం వేగం అనుకున్నాం. నిజానికి నున్నగా లేని రోడ్డు మీద గట్టి టైరు ప్రతి గరుకుకూ సైకిలును, పైనున్న మనిషిని కలిపి ఎగరేస్తుంది. ఆ ఎగురుడులో పోయేది మన కాళ్ల కష్టమే. కాస్త వెడల్పు టైరులో గాలి తగ్గించి తొక్కితే ఆ గరుకును టైరే మింగేస్తుంది. అందుకే పందేలవాళ్లు కూడా 23 నుంచి 25కు, అక్కడి నుంచి 28కి, ఇప్పుడు 30 దాకా జరిగారు. రాళ్లు పరిచిన దారుల మీద సాగే పారిస్-రూబే పందెంలో 32 మి.మీ. టైర్లు ఇప్పుడు మామూలు.

కాబట్టి గ్రావెల్ బైక్ నెమ్మది అన్న అపవాదులో చాలా భాగం దాని టైరు మీది గుబ్బలదీ, మందపాటి గోడలదీ. ఆ గుబ్బల టైర్లు విప్పి 32 లేదా 35 మి.మీ. నున్నటి టైర్లు తొడిగితే ఆ తేడాలో పెద్ద ముక్క అక్కడే కరిగిపోతుంది. నేను తొడిగి చూశాను. రోజూ తొక్కే దారిలో ఏ సైకిలు మీద వెళ్లిన రోజు ఎంత సమయం పట్టిందో రాసుకుంటూ వచ్చాను. కొన్నాళ్లకు తేలిందేమిటంటే, సైకిళ్ల మధ్య తేడా కన్నా ఎదురుగాలి ఉన్న రోజుకూ లేని రోజుకూ మధ్య తేడా ఎక్కువ.

గాలి మాట వచ్చింది కనుక ఇదొకటి. గంటకు 30 కి.మీ. దాటాక మనం ప్రధానంగా పోరాడేది గాలితోనే. ఆ గాలికి అడ్డుపడేది సైకిలు కన్నా మన ఒళ్లే. రోడ్ బైక్ మనిషిని కిందికి వంచి ముందుకు చాచుతుంది, గ్రావెల్ బైక్ కాస్త నిటారుగా కూర్చోబెడుతుంది. ఈ తేడా నిజమైనదే. అయితే రోడ్ బైక్ కొని, నడుము సహకరించక హ్యాండిల్ కింద వాషర్లన్నీ పేర్చి పైకెత్తుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. అలా ఎత్తుకున్నాక ఆ లాభమెక్కడిది?

బరువు సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ఒకే తరహా విడిభాగాలతో చూస్తే గ్రావెల్ బైక్ కిలో అటూ ఇటుగా ఎక్కువ తూగుతుంది. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలు అనుకుంటే, గంటసేపు ఎక్కే కొండ మీద ఆ కిలో వల్ల పోయేది మహా అయితే 45 సెకన్లు. పందెంలో గెలుపోటములు తేల్చడానికి అది చాలు. మిగతా మనలాంటివాళ్లం ఆ 45 సెకన్లు మలుపులో ఆగి నీళ్లు తాగడానికే ఖర్చు పెడతాం.

మరి రోడ్ బైక్ పక్షాన చెప్పడానికి ఏమీ లేదా అంటే, ఉంది. అది గేర్లలో ఉంది. దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు గాని, గుంపులో తొక్కేవాళ్లకు అసలు నొప్పి ఇక్కడే. చాలా గ్రావెల్ బైకులకు ముందు ఒకటే పళ్లచక్రం, 40 పళ్లది. వెనక 11 పళ్ల నుంచి 42 పళ్ల దాకా చిన్నాపెద్దా చక్రాల వరుస. వెనక వరుస 11, 13, 15, 17 అంటూ రెండేసి పళ్ల అంగలతో మొదలై 32, 37, 42 అని ముగుస్తుంది. రోడ్ బైకుల్లో దొరికే 11-30 వరుస చూడండి: 11, 12, 13, 14, 15. ఒక్కొక్క పన్నే పెరుగుతుంది. కాగితం మీద ఇది చిన్న విషయం. గుంపులో ముందున్నవాడి వెనక చక్రాన్ని పట్టుకుని పోతున్నప్పుడు, వేగం ఒక్క వీసం పెరిగిందనుకోండి. 15 మీద కాళ్లు తొందరపడుతుంటాయి, 13కి మార్చగానే బరువెక్కి నిమిషానికి 90 తిరిగే కాళ్లు 78కి పడిపోతాయి. కావలసిన 14 అక్కడ లేదు. గంటల తరబడి ఇలా రెండు గేర్ల మధ్య ఊగిసలాడుతుంటే కాళ్ల కన్నా ముందు ఓర్పు అలసిపోతుంది. 40 పళ్లతో 11 మీద నిమిషానికి 90 సార్లు తొక్కితే వచ్చేది గంటకు 43 కి.మీ. ముందు 50 పళ్లున్న రోడ్ బైక్ అదే తొక్కుడుకు 52 దాకా పోతుంది. దిగుడులో గుంపు వెళ్లిపోతుంటే గాలిలో కాళ్లాడించినట్టు ఉంటుంది.

దీనికి విరుగుడు ఉంది. ముందు రెండు పళ్లచక్రాలున్న గ్రావెల్ బైక్ తీసుకోవడమే. సైకిలు విడిభాగాల కంపెనీ షిమానో 2019లో గ్రావెల్ కోసమే తెచ్చిన గేర్ల సరంజామా జీఆర్ఎక్స్‌లో 48-31, 46-30 పళ్ల జతలున్నాయి. వెనక 11-34 వేస్తే 30 మీద 34 కలిసి కొండకు చాలా తేలికైన గేరు దొరుకుతుంది. రోడ్ బైకుల్లో సాధారణంగా వచ్చే 34 మీద 34 కన్నా తేలిక. మోకాళ్లున్నవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కరలేదు. ఒక్క పళ్లచక్రం సరళంగా ఉంటుంది, గొలుసు జారిపోవడం తక్కువ, నిజమే. తారురోడ్డు మీద ఎక్కువగా తిరిగేవారికి మాత్రం నేను రెండే చెబుతాను.

తొక్కుతున్నప్పటి తీరు కూడా వేరు. గ్రావెల్ బైక్‌లో రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ, ముందు ఫోర్కు కాస్త వాలి ఉంటుంది. వదులు కంకర మీద అది నిబ్బరంగా, పట్టాలు వేసినట్టు పోతుంది. అదే నిబ్బరం ఇరుకు మలుపులో బద్ధకంలా అనిపిస్తుంది. సీటు మీద నుంచి లేచి ఒక్క ఊపు ఊపితే చివ్వున దూకే గుణం నా రోడ్ బైక్‌కు ఉండేది. ఆ దూకుడు మీద నాకింకా మోజు పోలేదు. దానికి అంకె లేదు కనుక లెక్కలో వేయలేను, లేదని అబద్ధమూ చెప్పలేను.

పందేలను చూసి సైకిలు ఎంచుకునేవారికి ఒక మాట. ఇటలీలో 2007 నుంచి జరుగుతున్న స్ట్రాడే బియాంకేలో తెల్లటి కంకర దారుల మీద రోడ్ బైకులతోనే దూసుకుపోతారు. అది చూసి రోడ్ బైక్ అన్నిటికీ చాలుననుకుంటారు. వాళ్ల వెనక విడి చక్రాలతో కారు వస్తుంటుందని మరిచిపోతారు. అమెరికాలోని కాన్సస్‌లో జరిగే అన్‌బౌండ్ గ్రావెల్‌లో ప్రధాన పందెం 200 మైళ్లు, అంటే సుమారు 320 కి.మీ. అక్కడ టైర్లను కోసేసే చెకుముకి రాళ్లు. ఆ దారిలో సన్న టైరుతో బయలుదేరే ధైర్యం ఎవరూ చేయరు. పంక్చరైతే బాగు చేసుకోవలసింది మీరే అయితే, మీ దారి రెండోదానికే దగ్గర.

కొనేముందు చేయవలసిన పని ఒకటి. 5 మి.మీ. ఆలెన్ కీ (బోల్టులు విప్పే ఆరు పలకల కడ్డీ) జేబులో వేసుకుని వెళ్లండి. వెనక చక్రం దగ్గర వంగి, టైరుకూ ఫ్రేము కడ్డీకీ మధ్య దాన్ని దూర్చండి. కుడివైపు, ఎడమవైపు, పైన, తర్వాత ఫోర్కు దగ్గర కూడా. ఎక్కడా తగలకుండా దూరితే ఆ టైరుకు అక్కడ సరిపడా చోటున్నట్టు. గీసుకుంటూ దూరితే వానాకాలంలో మీకు నా పుల్ల కథే. ఇక టైరు మీది అంకెను గుడ్డిగా నమ్మకండి. 32 అని రాసి ఉన్న టైరును వెడల్పు రిమ్ము మీద ఎక్కిస్తే 34 దాకా ఉబ్బవచ్చు. స్థూలంగా చెప్పాలంటే, రిమ్ము బ్రేకుల పాత రోడ్ బైకుల్లో 25 నుంచి 28 పడుతుంది. ఇప్పటి పందెపు రోడ్ బైకుల్లో 30 నుంచి 32, దూరప్రయాణాలకు చేసిన రోడ్ బైకుల్లో 35 అటూ ఇటూ, గ్రావెల్ బైకుల్లో 40 నుంచి 50.

గ్రావెల్ ఫ్రేముకు రెండు జతల చక్రాలు పెట్టుకుంటే రెండు సైకిళ్లు ఉన్నట్టేనని కొందరంటారు. నేను అలాగే పెట్టుకున్నాను, అది మూడొంతులు నిజం. ఒక జతకు 32 నున్నటివి, ఇంకో జతకు 42 గుబ్బలవి. మార్చడం అయిదు నిమిషాల పని. మార్చిన తర్వాత బ్రేకు డిస్కు ప్యాడుకు తగిలి చిర్ చిర్‌మంటే దాన్ని సరిచేయడానికి ఇంకో పావుగంట. డిస్కు వెనక పలుచటి రేకు ఉంగరం వేసి రెండు జతలనూ ఒకే వరసలోకి తెచ్చుకున్నాక ఆ బాధ తప్పింది. రెండు జతలకూ వెనక గేర్ల వరుస ఒకటే ఉండాలన్నది మరవకండి.

మిగతా సైకిళ్లను కూడా కొందరు ఇదే ప్రశ్నలో కలిపి అడుగుతుంటారు. అడ్డంగా తిన్నటి హ్యాండిల్ ఉండే హైబ్రిడ్ పది కిలోమీటర్లలోపు తిరుగుళ్లకు బాగుంటుంది, ఆ పైన చేతులు పెట్టుకునే చోటు ఒక్కటే కావడంతో మణికట్లు నొప్పెడతాయి. సైక్లోక్రాస్ బైక్ గంటసేపు సాగే బురద పందేనికి పుట్టింది. ఆ పందెంలో అంతర్జాతీయ నియమం ప్రకారం టైరు 33 మి.మీ. దాటకూడదు, ఫ్రేములు కూడా చాలావరకు దానికి తగ్గట్టే ఉంటాయి. మౌంటెన్ బైక్ కావలసినవాళ్లకు అది కావాలని ముందే తెలుసు.

మొన్న ఒకాయన ఇవన్నీ ఓపికగా విని, చివరికి రోడ్ బైకే కొన్నానని ఫోటో పంపాడు. ఆయనకు ఆదివారాలు కలిసి తొక్కే గుంపు ఉంది, కంకర దారి వైపు పోయే ఆలోచన లేదు. ఎంత టైరు పడుతుందని అడిగాను. 35 పడుతుందట, ఆలెన్ కీతో తానే చూశాడట. ఇక నేను కలర్ బాగుందని రాశాను.